చుక్కతో మొదలయ్యే పేర్లు

భోగికి ముందు అటక దులుపుతుంటే పాత కంప్యూటరు కేబినెట్ దిగింది. ఒకప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు పసుపు మరక పడ్డ పంచె రంగుకు తిరిగింది. పాత సామాన్ల బండికి వేసేముందు ఒక్కసారి కరెంటిచ్చి చూద్దామనిపించింది. టీవీ వెనక వీజీఏ సాకెట్టు ఉంటే దానికి తీగ తగిలించి స్విచ్ వేశాను. ఎస్ఎంపీఎస్ ఫ్యాను కాసేపు గరగరలాడి ఊపందుకుంది. ఆ వెనకే వచ్చింది వాసన. వేడెక్కిన దుమ్ము, వైరు తొడుగు, కాస్త వార్నిషు కలిసిన వాసన. హాస్టల్ గదిలో రాత్రి రెండింటికి ఉండే వాసన అది.

బోర్డు మీది బిళ్ల బ్యాటరీ, సీఆర్2032, ఎప్పుడో అయిపోయింది. అందుకని తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయింది. దాచిన అమరికలను సరిచూసుకునే చెక్‌సమ్ తప్పింది, ఎఫ్1 నొక్కమంది. నొక్కితే డిస్కు తనిఖీ దగ్గర మళ్లీ ఆగింది. ఈ డిస్కు మీద చివరిసారి రాసిన సమయం భవిష్యత్తులో ఉందన్నది దాని అభ్యంతరం. పాత మిషన్లు తీసేవాళ్లు ఇక్కడ కంగారు పడక్కర్లేదు. డిస్కుకు ఏమీ కాలేదు. మిషన్ లేవగానే నడిచే బయాస్‌లో తేదీ సరిచేసి మళ్లీ లేపితే సరిపోతుంది. 40 జీబీ డిస్కు కరకరమంటూ తిరిగి, నల్ల తెర మీద లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ లాగిన్ అడిగింది. పాస్‌వర్డ్ వేళ్లకే గుర్తుంది.

ఫోల్డరులో ఉన్నవి చూపే ఎల్ఎస్ ఆదేశం కొడితే నాలుగంటే నాలుగు ఫోల్డర్లు. పక్కన మైనస్ ఏ చేర్చి కొడితే, చుక్కతో మొదలయ్యే పేర్లు తెర నిండి జరజరా పైకి పాకాయి. మా డెస్క్‌టాప్ అంతా అక్కడే ఉంది. రంగులు, అక్షరాలు, మీటలు, మెనూలు అన్నీ ఆ పేర్ల వెనకే.

* * *

ఈ చుక్క సంగతి లినక్స్‌కు నమూనా అయిన యూనిక్స్ మీద పనిచేసిన రాబ్ పైక్ 2012లో రాశాడు. యూనిక్స్ తొలినాళ్లలో ఫోల్డరులో ఫోల్డరు పెట్టుకునే ఏర్పాటు వచ్చింది. అప్పుడు ప్రతి ఫోల్డరులోనూ రెండు పేర్లు తప్పనిసరిగా చేరాయి. ఒక్క చుక్క అంటే ఈ ఫోల్డరే, రెండు చుక్కలంటే దీని పైది. ఎల్ఎస్ కొట్టినప్పుడల్లా అవి కనబడకుండా ఉండాలని యూనిక్స్ రాసిన కెన్ థాంప్సనో డెనిస్ రిచీయో ఒక చిన్న పరీక్ష పెట్టారు. మొదటి అక్షరం చుక్కయితే ఆ పేరు వదిలెయ్యమని. పేరు మొత్తం ఒక్క చుక్కేనా, రెండు చుక్కలేనా అని చూసి ఉండాల్సింది. చూడలేదు. దాంతో చుక్కతో మొదలయ్యే ప్రతి పేరూ చూపుకు అందకుండా పోయింది. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఆ చాటు చూసుకుని తమ అమరికలన్నీ ఇంటి ఫోల్డరులో అలాంటి పేర్లతో దాచడం మొదలెట్టారు.

చాలా పేర్ల చివర కనిపించే ఆర్‌సీ ఇంకా పాతది. 1960లలో ఎంఐటీలో నడిచిన సీటీఎస్ఎస్ అనే వ్యవస్థలో ఆదేశాలు వరసగా రాసిన ఫైలును రన్‌కామ్ అనేవారు. ఆ మాటే కుదించుకుపోయి ఆర్‌సీ అయింది.

మాకు ఈ చరిత్ర అప్పట్లో తెలీదు. తెలిసిందల్లా గదిలో సీనియర్ అన్న చెప్పిన మూడు ప్రశ్నలు. ఏ ఫైలు తెరిచినా ముందు అవే అడిగేవాడు. "దీన్ని ఎవరు చదువుతారు? ఎప్పుడు చదువుతారు? నువ్వు రాసింది ఇంకెవరైనా తిరగరాస్తారా? ఈ మూడూ తెలిసేదాకా వేలు పెట్టకురా." నాలుగో మాట కూడా ఉండేది కానీ అది ప్రశ్న కాదు. "కాపీ తీశావా?" ఫైలు పేరు చివర .పాతది అని తగిలించి ఒక నకలు పెట్టాకే అసలు ఫైలు తెరవాలి.

* * *

మా మిషన్ నల్ల తెరకే లేచేది. ఉన్న 128 ఎంబీ ర్యామ్‌లో బొమ్మల లాగిన్ తెరకు చోటెందుకని దాన్ని ఆపేశాం. పేరూ పాస్‌వర్డూ కొట్టి, స్టార్ట్‌ఎక్స్ అని కొట్టాలి. తెర మీద కిటికీలూ బొమ్మలూ గీసే ఎక్స్ అనే సర్వరును లేపే ఆదేశం అది. 15 అంగుళాల గాజు మానిటర్ లోపల టిక్కుమని రిలే మారేది. తెర ఒక్క క్షణం చీకటై, సన్నని అల్లికలాంటి బూడిదరంగు పరుచుకుని, మధ్యలో ఎక్స్ ఆకారంలో కర్సరు నిలబడేది. ఆ అల్లిక తెర ఇప్పటి ఎక్స్ సర్వర్లలో మామూలుగా రాదు, నల్లగా మొదలవుతాయి. ఆ టిక్కుకీ డెస్క్‌టాప్ కనబడటానికీ మధ్య రెండు మూడు క్షణాలు ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. అప్పుడే .ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీ చదవబడుతోంది కాబట్టి.

ఆ ఫైలులో ఉన్నవి పది వరసలే. ముందు రంగులూ అక్షరాలూ ఎక్కించే ఎక్స్‌ఆర్‌డీబీ, తరవాత కీబోర్డు, ఆపైన వాల్‌పేపర్, గడియారం, చిట్టచివర ఎగ్జిక్ అన్న మాటతో, కిటికీలకు అంచులూ మెనూలూ ఇచ్చే విండో మేనేజరు. ఆగకుండా నడుస్తూ ఉండే గడియారంలాంటి వాటి వరస చివర & గుర్తు ఉండి తీరాలి. దాని అర్థం, దీన్ని పక్కన నడవనిచ్చి నువ్వు కింది వరసకు వెళ్లు అని. గడియారానికి ఆ గుర్తు మరిచిపోతే ఏమవుతుందో గదిలో అందరికీ తెలుసు. తెర మీద ఎడమ పై మూలన గడియారం ఒక్కటే, చుట్టూ అంచు లేకుండా, కదలకుండా అతుక్కుని ఉంటుంది. మౌసు కదులుతుంది కానీ మెనూ రాదు. గడియారం ముగిస్తే తప్ప, ఆదేశాలు చదివి నడిపే షెల్ కింది వరసకు వెళ్లదు, విండో మేనేజరు మొదలవదు.

చివరి వరసకు పొరపాటున & పెట్టారనుకోండి, దానికి ఎదురు జరుగుతుంది. విండో మేనేజరు పక్కకు వెళ్లిపోయి, ఫైలు అక్కడితో అయిపోతుంది. ఆ ఫైలు అయిపోవడమంటే ఎక్స్ పని ముగిసినట్టే. టిక్కుమని తెర వస్తుంది, వెంటనే టిక్కుమని పోతుంది. పక్క గదివాళ్లు కూడా రెండు టిక్కులు వినగానే "చివర & పెట్టారు" అనేవాళ్లు.

మూడో పొరపాటుకు చప్పుడు ఉండదు. ఎగ్జిక్ కింద రాసిన వరసలు ఎప్పటికీ నడవవు. ఎగ్జిక్ అన్నది షెల్‌ను తీసేసి ఆ స్థానంలో విండో మేనేజరును కూర్చోబెడుతుంది. ఇక మిగతా ఫైలు చదివేవాళ్లే ఉండరు. కొత్తగా చేర్చిన వరస పనిచేయలేదంటే, అది ఎగ్జిక్‌కు పైన ఉందో కింద ఉందో ముందు చూడాలి.

తెర బిగుసుకుపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్1 కలిపి నొక్కి నల్ల తెరకు పోయి, అక్కడ లాగినై, ఫైలు సరిచేసి రావచ్చు. తొందరున్నవాళ్లు కంట్రోల్, ఆల్ట్, బ్యాక్‌స్పేస్ నొక్కి ఎక్స్‌నే పడగొట్టేవాళ్లు. 2009 ప్రాంతంలో ఆ మీట మామూలుగా పనిచేయకుండా ఆపేశారు. కావాలంటే కీబోర్డు అమర్చే సెట్ఎక్స్‌కేబీమ్యాప్ ఆదేశానికి టెర్మినేట్ అనే ఆప్షన్ ఇచ్చి తెచ్చుకోవాలి. ఆ మీట పోయినందుకు మేమంతా బాధపడ్డాం. మౌసుతో పనిలేకుండా చెడిన తెరను దించేయగలగడం చిన్న ధైర్యం కాదు.

* * *

రంగుల ఫైలు .ఎక్స్‌రిసోర్సెస్. ఆదేశాలు కొట్టే కిటికీ, అంటే టెర్మినల్, నేపథ్యం నల్లగా, అక్షరాలు లేత ఆకుపచ్చగా, సైజు 11. ఈ ఫైలు తప్పును తప్పని చెప్పదు. ఊరుకుంటుంది, అంతే. మా టెర్మినల్ ప్రోగ్రాము ఎక్స్‌టర్మ్ పేరులో మొదటి రెండక్షరాలూ, అంటే ఎక్సూ టీ రెండూ, పెద్దక్షరాలు కావాలి. ఎక్స్ ఒక్కటే పెద్దది రాస్తే ఆ వరస ఎవరికీ చెందదు. పేరుకూ గుణానికీ మధ్య చుక్క పెడితే సరిగ్గా ఆ మెట్టు మీద ఉన్నదానికే వర్తిస్తుంది, నక్షత్రం పెడితే మధ్యలో ఎన్ని మెట్లున్నా వర్తిస్తుంది. అందుకే అందరం నక్షత్రమే రాసేవాళ్లం. కోలన్ తరవాతి ఖాళీని లెక్కచేయదు కానీ, విలువ వెనక మిగిలిపోయిన ఖాళీ విలువలో భాగమైపోతుంది. కంటికి కనబడని ఆ ఒక్క ఖాళీ కోసం గంటలు పోయేవి.

వ్యాఖ్యలకు ఇక్కడ ఆశ్చర్యార్థకం గుర్తు వాడాలి. షెల్ ఫైళ్ల అలవాటుతో # పెడితే గొడవ. ఎక్స్‌ఆర్‌డీబీ ఈ ఫైలును ముందు సీ భాష ప్రీప్రాసెసర్‌లోంచి పంపిస్తుంది, దానికి # అంటే ఆదేశం. ఇంకో మెలిక కూడా ఉంది. మెర్జ్ అని ఎక్కిస్తే ఉన్న విలువల మీద కొత్తవి చేరతాయి. ఫైల్లోంచి ఒక వరస కొట్టేసి మెర్జ్ చేస్తే, కొట్టేసిన విలువ సర్వరులో అలాగే ఉంటుంది. తీసేశాను కదా ఇంకా ఎందుకు వస్తోందని తల పట్టుకునేది ఇక్కడే. లోడ్ అని ఎక్కిస్తే పాతవన్నీ పోయి ఫైల్లో ఉన్నవే మిగులుతాయి. ఏది చేసినా, అప్పటికే తెరిచి ఉన్న టెర్మినల్ మారదు. కొత్తది తెరిచి చూడాలి.

ఆ ఫైళ్లలో వ్యాఖ్యలన్నీ తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో. ఎక్స్‌టర్మ్‌లో తెలుగు లిపి కొడితే గుణింతం ఒకచోట, ఒత్తు ఇంకోచోట పడేది. అందుకే అలా. అటక మీంచి దిగిన డిస్కులో ఒక ఫైలు తలలో "అన్న మార్చాడు, మళ్లీ ముట్టుకోకు" అన్న అర్థంలో ఒక వరస ఉంది. దాని కింద ఇంకొకరి చేతిరాతలాంటి వరస, "ముట్టుకున్నా, బాగుంది" అని. గదిలో నలుగురం ఒక మిషన్ వాడిన కాలం అది.

* * *

మెనూ తెలుగులో పెట్టుకోవాలన్నది మా అందరి పట్టుదల. మొదట వాడిన విండో మేనేజరు ఫ్లక్స్‌బాక్స్. దాని అమరికలన్నీ .ఫ్లక్స్‌బాక్స్ అన్న ఫోల్డరులో ఉండేవి. ఇనిట్, కీస్, మెనూ, స్టార్టప్. మెనూ ఫైలు మార్చి దాచగానే, ఖాళీ తెర మీద కుడి మీట నొక్కితే కొత్త మెనూ వచ్చేసేది, ఏదీ మళ్లీ మొదలెట్టనక్కర్లేదు. కీస్ ఫైలులో మాడ్1 అంటే ఆల్ట్, మాడ్4 అంటే విండోస్ బొమ్మ ఉన్న మీట. ఇనిట్ ఫైలుతో మాత్రం జాగ్రత్త. మెనూలోంచి ఏ చిన్న మార్పు చేసినా ఫ్లక్స్‌బాక్స్ ఆ ఫైలును తనే తిరగరాస్తుంది. అన్న మూడో ప్రశ్న దానికోసమే.

మెనూ ఫైలును యూటీఎఫ్-8లో దాచి, ఫాంటు పోతన2000 పెట్టి, "పుస్తకాలు" అని రాశాం. తెర మీద స కింద త ఒత్తు రాలేదు. స్ అని పొల్లు, దాని పక్కన పూర్తి త. మొదట ఫాంటుదే తప్పనుకున్నాం. వేమన2000 పెట్టినా అంతే. కారణం తరవాత తెలిసింది. ఫ్లక్స్‌బాక్స్ అక్షరాలను ఎక్స్‌ఎఫ్‌టీ అనే లైబ్రరీ చేత గీయిస్తుంది. అది ఒక్కో కోడ్‌కు ఒక్కో బొమ్మ తీసి పక్కపక్కన పేరుస్తుంది. స, పొల్లు, త మూడూ కలిస్తే ఒక్క అక్షరం అవుతుందన్న సూత్రం ఫాంటు లోపలి పట్టికల్లో ఉంది, ఆ పట్టికలు చదివేది పాంగో అనే లైబ్రరీ. ఓపెన్‌బాక్స్ అనే ఇంకో విండో మేనేజరు పాంగోతో గీస్తుంది. విండో మేనేజరు మార్చిన రాత్రి కుడి మీట నొక్కగానే "పుస్తకాలు", "ఉత్తరాలు", "కొట్టేయి" అని ఒత్తులతో సహా వచ్చాయి. గదిలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. మా ఇళ్లలో రాసుకునే అక్షరాలు అంత శుభ్రంగా ఆ తెర మీద చూడటం అదే మొదలు.

ఓపెన్‌బాక్స్ ఫైళ్లు .కాన్ఫిగ్ లోపల ఓపెన్‌బాక్స్ ఫోల్డరులో ఉంటాయి. ఆర్‌సీ, మెనూ రెండూ ఎక్స్‌ఎంఎల్. ఒక ట్యాగ్ మూయకపోతే ఏ ఫైల్లో ఏ వరస దగ్గర తప్పుందో తెర మీదే చెబుతుంది. అంత మర్యాద మిగతా వాటికి ఉండేది కాదు. కొత్తగా ఏదైనా మొదలెట్టించే ఫైలు పేరు మొదట్లో ఆటోస్టార్ట్ చుక్క ఎస్‌హెచ్. 2011లో వచ్చిన 3.5 నుంచి ఆ తోక పోయి వట్టి ఆటోస్టార్ట్ అయింది. ఆగకుండా నడిచే ప్రోగ్రాములకు అక్కడా & తప్పదు.

ఒక ఇబ్బంది మిగిలింది. విండో పైపట్టీలో ఒత్తుల కింది భాగం కోసుకుపోయేది. పట్టీ ఎత్తు ఇంగ్లీషు ఫాంటు కొలతను బట్టి వస్తుంది, మన ఒత్తులు ఇంకా కిందికి దిగుతాయి. థీమ్ ఫైలులో పాడింగ్ ఎత్తుకు రెండు మూడు పిక్సెళ్లు కలిపితే కుదిరింది. తెలుగు వాడేవాళ్లు ఏ థీమ్ దించుకున్నా మొదట మార్చాల్సిన వరస అదే.

* * *

అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టిన ఫైలు, ఏ అక్షరానికి ఏ ఫాంటో చెప్పే .ఫాంట్స్.కాన్ఫ్. తెలుగు ఫాంటు ఫైళ్లను .ఫాంట్స్ ఫోల్డరులో వేసి, ఎఫ్‌సీ-క్యాష్ నడపాలి. అది నడపకుండానే ఫాంటు రాలేదని కూర్చునేవాళ్లు ఎందరో. తరవాత ఎఫ్‌సీ-లిస్ట్‌కు లాంగ్ విలువగా తెలుగు కోడ్ టీఈ ఇస్తే, తెలుగు అక్షరాలున్న ఫాంటులన్నీ వరసగా చూపిస్తుంది. ఎఫ్‌సీ-మ్యాచ్ అయితే, శాన్స్ అన్న సాధారణ పేరుతో అడిగిన ప్రోగ్రాముకు అసలు దొరికేది ఏ ఫాంటో చెబుతుంది. మొదటిది ఉన్నవి చెబుతుంది, రెండోది గెలిచింది చెబుతుంది. రెండూ చూశాకే ఫైలు తెరవాలి.

ఆ ఫైలులో శాన్స్ అన్న పేరుకు ఇష్టమైన ఫాంటుల వరస రాసుకోవచ్చు. తెలుగు మీద ప్రేమతో పోతనను మొదట పెట్టాం. తెలుగు బాగానే వచ్చింది కానీ, ఇంగ్లీషు అక్షరాలన్నీ కూడా పోతనలోంచే రావడం మొదలైంది. ఆ ఫాంటులో ఇంగ్లీషు అక్షరాలూ ఉన్నాయి. అడిగిన అక్షరం మొదటి ఫాంటులో ఉంటే రెండోదాని దాకా ఎవరూ వెళ్లరు. తేదీలు, అంకెలు, మెనూలు అన్నీ వంకరపోయాయి. వరస తిప్పి డెజావూ శాన్స్ మొదట, పోతన రెండోది పెట్టాం. డెజావూలో తెలుగు లేదు. ఇంగ్లీషు అక్కడ ఆగిపోతుంది, తెలుగు కిందికి జారి పోతనను చేరుతుంది. మన ఫాంటు రెండో స్థానంలో ఉంటేనే మన అక్షరం సరిగ్గా కనబడుతుంది.

సైజు సంగతి వేరే. ఇంగ్లీషు 10 పాయింట్లలో చక్కగా కనబడితే, అదే 10లో తెలుగు చీమల బారులా ఉండేది. పోతన అన్న పేరు తగిలినప్పుడు మాత్రమే మ్యాట్రిక్స్ విలువను 1.2తో హెచ్చించే నియమం ఒకటి రాసుకున్నాం. ఒక్కో ఫాంటుకు ఆ అంకె వేరు. కంటితో చూసి 0.05 చొప్పున పెంచుకుంటూ పోవాల్సిందే. తరవాత లోహిత్ తెలుగు వచ్చింది, ఇంకా తరవాత సురవరం, మండలి వచ్చాయి. ప్రతిసారీ ఆ అంకె మళ్లీ వెతుక్కున్నాం. ఫైలు చోటు కూడా మారింది. ఇప్పుడది .కాన్ఫిగ్ లోపల ఫాంట్‌కాన్ఫిగ్ ఫోల్డరులో ఉండాలి.

ఫైర్‌ఫాక్స్‌కు విడిగా చెప్పుకోవాలి. .మొజిల్లా లోపల, ముందు అర్థంలేని ఎనిమిది అక్షరాలున్న ప్రొఫైల్ ఫోల్డరు ఒకటి ఉంటుంది. అందులోని ప్రెఫ్స్.జేఎస్ చూడగానే చేతులు దురదపెడతాయి కానీ, బ్రౌజరు మూసేటప్పుడు దాన్ని తిరగరాస్తుంది. బ్రౌజరు తెరిచి ఉండగా మనం రాసింది పోతుంది. పక్కనే యూజర్.జేఎస్ అని మనం కొత్తగా ఒక ఫైలు చేసుకుంటే, లేచిన ప్రతిసారీ దాన్ని చదువుతుంది, ఎన్నడూ ముట్టుకోదు. ఫాంట్.మినిమమ్-సైజ్.ఎక్స్-తెలు అన్న వరసకు 16 ఇస్తే తెలుగు అక్షరాలు అంతకంటే చిన్నవి కాకుండా ఆగిపోతాయి. తెలుగు చదవడానికి కళ్లు చికిలించుకునే పెద్దవాళ్లున్న ఇళ్లలో ఈ ఒక్క వరస ఇప్పటికీ రాసిపెట్టవచ్చు.

* * *

కీబోర్డు అంటే చప్పుడే గుర్తొస్తుంది. టీవీఎస్ గోల్డ్ బోర్డు టకటకలు మూడు గదుల అవతలికి వినిపించేవి. దాని మీద తెలుగు రావడానికి .ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీలో ఒక్క వరస చాలు. లేఅవుట్ యూఎస్, ఐఎన్. వేరియంట్ దగ్గర ముందు కామా, తరవాత టీఈఎల్. ఆప్షన్ ఆల్ట్, షిఫ్ట్ కలిపి మార్చుకునేది. వేరియంట్ ముందున్న కామా మరిచిపోతే, తెలుగు వేరియంట్‌ను అమెరికా లేఅవుట్‌లో వెతికి లోపం అంటుంది. క్యాప్స్ లాక్‌ను ఎస్కేప్‌గా మార్చే వరసలు .ఎక్స్‌మోడ్‌మ్యాప్‌లో ఉండేవి. ముందు లాక్‌ను క్లియర్ చేసి, తరవాత కీకోడ్ 66కు ఎస్కేప్ ఇవ్వాలి. ఇక్కడ క్రమం ముఖ్యం. సెట్ఎక్స్‌కేబీమ్యాప్ నడిచినప్పుడల్లా పటం మొత్తం కొత్తగా వేస్తుంది, ఎక్స్‌మోడ్‌మ్యాప్ చేసిన మార్పులు చెరిగిపోతాయి. కాబట్టి అది ముందు, ఇది తరవాత.

2010 జూలైలో రూపాయికి గుర్తు వచ్చింది. ఆ ఏడే అక్టోబరులో యూనికోడ్ 6.0లో 20బీ9 అన్న స్థానం దొరికింది. కీబోర్డుల మీద ఇంకా లేదు. .ఎక్స్‌కంపోజ్ అనే ఫైలు అప్పుడు పనికొచ్చింది. కుడి ఆల్ట్‌ను కంపోజ్ మీట చేసుకుని, ఆ మీట తరవాత చిన్న ఆర్ రెండుసార్లు కొడితే ₹ రావాలని ఒక వరస రాశాం. మొదటి వరసలో ఇన్‌క్లూడ్ అని రాసి, కోట్స్ మధ్య శాతం గుర్తూ పెద్ద ఎల్ పెట్టడం మరవకూడదు. అది లేకపోతే వ్యవస్థతో వచ్చిన వేల కూర్పులు పోయి మనం రాసిన ఒక్కటే మిగులుతుంది. ఫైలు సరిగ్గా ఉన్నా చాలామందికి తెర మీద డబ్బా కనబడింది. తప్పు కంపోజ్‌ది కాదు, అప్పటి ఫాంటుల్లో ఆ బొమ్మ ఇంకా గీయలేదు.

* * *

కరెంటు కోతల సంగతి చెప్పకుండా ఈ ఫైళ్ల కథ పూర్తవదు. యూపీఎస్ కూతపెట్టడం మొదలవగానే నలుగురం మీద పడి ఉన్నవి దాచేవాళ్లం. దాచేలోపు పోతే, మేం ఫైళ్లు దిద్దే విమ్ తన .ఎస్‌డబ్ల్యూపీ ఫైలులో కొంత ఉంచేది. అది కూడా చుక్కతో మొదలయ్యేదే. విమ్‌కు మైనస్ ఆర్ ఇచ్చి తిరిగి తెచ్చుకుని, వేరే పేరుతో దాచి, అసలుతో పోల్చి చూసుకున్నాక ఆ ఫైలు తీసేయాలి.

2009 ప్రాంతంలో, ఫైళ్లను డిస్కు మీద సర్దే ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్ కొత్తగా వచ్చినప్పుడు వేరే దెబ్బ తగిలింది. కరెంటు పోయి వచ్చాక చూస్తే కేడీఈ అనే డెస్క్‌టాప్ అమరికల ఫైళ్లు ఉన్నచోటే ఉన్నాయి, సైజు మాత్రం సున్నా. ఆ ఫైల్‌సిస్టమ్ డేటాకు డిస్కు మీద చోటు కేటాయించడాన్ని వీలైనంత వెనక్కి తోస్తుంది. పేరు ముందే డిస్కుకు చేరుతుంది, లోపలి అక్షరాలూ, వాటి సైజూ కొన్ని పదుల క్షణాల తరవాత చేరతాయి. ఈ మధ్యలో కరెంటు పోతే మిగిలేది ఖాళీ ఫైలు. ప్రోగ్రాములు ఫైలును తిరగరాసే పద్ధతిని గుర్తుపట్టి డేటాను ముందే రాసేలా లినక్స్ 2.6.30 కెర్నల్‌లో సర్దారు. అప్పటిదాకా మాకు దిక్కు ఆ .పాతది నకళ్లే.

లాగిన్ తెర పాస్‌వర్డ్ తీసుకుని మళ్లీ లాగిన్ తెరకే తిరిగొస్తోందంటే చూడాల్సినవి రెండు. ఎవరో సూడోతో, అంటే రూట్ అనే పెద్ద యజమాని అధికారంతో, ఏదో నడిపి .ఎక్స్‌అథారిటీ ఫైలు రూట్ పేరు మీదకు మారి ఉండాలి, లేదా డిస్కు నిండి ఆ ఫైలు రాయడానికి చోటు లేకపోవాలి. మొదటిదానికి సీహెచ్ఓన్‌తో యజమానిని సరిచేయాలి. రెండోదానికి తరచూ కారణం .ఎక్స్‌సెషన్-ఎర్రర్స్ అనే ఫైలే. ఎవరూ చూడకపోతే అది గుట్టలా పెరుగుతుంది. తీసేసేముందు చివరి ఇరవై వరసలు చదవండి, చాలాసార్లు జబ్బు పేరు అక్కడే ఉంటుంది.

* * *

సెలవులకు ఊరెళ్లేటప్పుడు ఈ ఫైళ్లన్నీ ఫ్లాపీలో వెళ్లేవి. 1.44 ఎంబీ చాలా ఎక్కువ. విడివిడిగా కాపీ చేస్తే ఫ్లాపీ మీది ఫ్యాట్ వ్యవస్థ అనుమతులు ఉంచదు, కాబట్టి టార్‌లో కట్టి ఒక్క ఫైలుగా వేయాలి. అక్కడో గొయ్యి ఉంది. చుక్క, నక్షత్రం అని రాస్తే రెండు చుక్కలు కూడా దానికి తగిలేది, అంటే పై ఫోల్డరంతా వచ్చేసేది. చుక్క, రెండు ప్రశ్నార్థకాలు, నక్షత్రం అని రాస్తే ఆ చిక్కు ఉండదు. అదే పొరపాటు యజమానిని మార్చే ఆదేశంలో చేస్తే నష్టం పెద్దది. ఊళ్లో నెట్ సెంటర్‌లో ఫైలును నోట్‌ప్యాడ్‌లో దిద్ది తెచ్చినవాళ్లకు ఇంకో తలనొప్పి. ప్రతి వరస చివరా కనబడని అదనపు గుర్తు చేరేది, షెల్‌కు ఏదీ అర్థమయ్యేది కాదు. డాస్2యునిక్స్ ఒక్కసారి నడిపితే పోతుంది.

కొత్త లినక్స్ పంపిణీల (డిస్ట్రోల) సీడీలు పోస్టులో వచ్చేవి. ఉబుంటు వాళ్లు 2011 దాకా అడిగినవాళ్లకు ఊరికే పంపేవారు. సీడీ మారినా ఫ్లాపీ మారేది కాదు. కొత్త వ్యవస్థ వేయడం, ఫ్లాపీ విప్పడం, స్టార్ట్‌ఎక్స్, టిక్. అదే తెర.

గ్నోమ్ 3 అనే డెస్క్‌టాప్ అదే 2011లో వచ్చింది. అప్పటికి దాని అమరికలు .కాన్ఫిగ్ లోపల డీకాన్ఫ్ అన్న ఫోల్డరులో యూజర్ అనే ఒక్క ఫైలులోకి చేరాయి. అది తెరిస్తే అక్షరాలుండవు. చదవడానికి వేగంగా ఉంటుందని అలా చేశారు, అందులో తప్పులేదు. కానీ వ్యాఖ్య రాసుకునే చోటు పోయింది. ఎందుకు మార్చామో రాసిపెట్టలేని అమరిక నా లెక్కలో సగం అమరికే. డీకాన్ఫ్ డంప్ అని కొట్టి మొత్తం అక్షరాల్లోకి దించుకుని, వ్యాఖ్యలు వేరే కాగితం మీద రాసుకుని, కొత్త మిషన్‌లో డీకాన్ఫ్ లోడ్‌తో ఎక్కించుకోవచ్చు. ఇప్పుడు నేను చేసేదదే.

* * *

పాత డిస్కులోంచి ఆ ఫైళ్లన్నీ ల్యాప్‌టాప్‌లోకి తెచ్చాను. ఇది ఎక్స్ స్థానంలో వచ్చిన వేలాండ్ మీద నడిచే గ్నోమ్. .ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీని చదివేవాళ్లు లేరు. .ఎక్స్‌మోడ్‌మ్యాప్ పనిచేయదు, ఆ పని ఇప్పుడు ఎక్స్‌కేబీ ఆప్షన్లతో చేసుకోవాలి. ఓపెన్‌బాక్స్ ఎక్స్‌కే చెందినది, ఇక్కడ నడవదు. ఫాంట్స్.కాన్ఫ్‌ను కొత్త చోట పెట్టి, పోతన పేరు తీసి నోటో శాన్స్ తెలుగు రాసి, 1.2ను 1.1 చేశాను. కుదిరింది. ఎక్స్‌రిసోర్సెస్‌ను చేత్తో ఎక్కించి ఎక్స్‌టర్మ్ తెరిస్తే, నల్ల నేపథ్యం మీద ఆ లేత ఆకుపచ్చ వచ్చింది.

.ఎక్స్‌కంపోజ్‌ను ఉన్నది ఉన్నట్టు ఇంటి ఫోల్డరులో వేసి, లాగవుటై మళ్లీ వచ్చాను. కేబినెట్‌కు పాత సామాన్లతను ఎంతిచ్చాడో పద్దు రాయాలి. కుడి ఆల్ట్ నొక్కి, చిన్న ఆర్ రెండుసార్లు కొట్టాను.

₹150.